ఆయాలతో, నర్సులతో నెలవారీ ముఖాముఖి సమావేశాలు: ఏర్పాటు ఎలా చేసుకోవాలి?

ప్రశ్న
మధురవాడ_సిస్టర్

నమస్కారం. విశాఖపట్నంలో మధురవాడ వైపున్న ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ, ఈ మధ్యనే సిబ్బంది పర్యవేక్షణ బాధ్యత తీసుకున్నాను. నా కింద నలుగురు నర్సులు, తొమ్మిదిమంది ఆయాలు ఉన్నారు. ప్రతి ఒక్కరితో నెలకొకసారి విడిగా కూర్చుని మాట్లాడాలని, మాట్లాడినదానికి రాతపూర్వకమైన నమోదు ఉండాలని యాజమాన్యం ఆదేశించింది. అది దేనికోసమో, ఎలా జరపాలో మాత్రం చెప్పలేదు. చేతికి ఒక ఫారం ఇచ్చారు. అందులో పనితీరు, సమస్యలు, సంతకం అని మూడు గడులున్నాయి.

మా దగ్గర ఇంతకాలం ‘ఆఫీసు గదిలోకి రమ్మన్నారు’ అంటే మెమో అన్నా అర్థం, జీతంలో కోత అన్నా అర్థం. అందువల్ల నేను కబురు పంపగానే ‘నానేటి తప్పు సేసినాను మేడమ్?’ అని గుమ్మం దగ్గరే అడుగుతున్నారు. కూర్చోబెట్టి ఏమైనా ఇబ్బందులున్నాయా అంటే ‘ఏటీ లేదు మేడమ్, అంతా బాగానే ఉంది’ అంటారు, అయిదు నిమిషాల్లో సంతకం పెట్టి లేచిపోతారు. అదే మనిషి సాయంత్రం డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ తోటి ఆయాకు అరగంట సేపు తన కష్టం చెప్పుకోవడం నా చెవిన పడుతూనే ఉంటుంది.

ఇంతమందికి సమయం ఎలా సర్దుకోవాలి, రాత్రి డ్యూటీ వాళ్లను ఎప్పుడు పిలవాలి, విడి గది లేని చోట ఎక్కడ కూర్చోవాలి, ముఖ్యంగా ‘ఏటీ లేదు’ అన్న మాట దాటి సంభాషణ ముందుకు సాగాలంటే ఏ విధంగా సిద్ధపడాలి అన్నది అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


ఉక్కునగరం_విశ్రాంత

అమ్మా, నేను ఒక పెద్ద కర్మాగారంలో సిబ్బంది శిక్షణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ రంగం వేరైనా, మూడు షిఫ్టుల్లో పనిచేసే మనుషులతో విడిగా మాట్లాడడంలో ఉండే చిక్కులు చాలావరకు ఒకటే.

ముందు లెక్క చూసుకోండి. పదమూడు మందికి ముప్పావుగంట చొప్పున 585 నిమిషాలు, అంటే పది గంటలకు పావుగంట తక్కువ. నెలాఖరున ఫారాలు అడుగుతారు కదా అని ఈ పదిగంటల పనిని ఆఖరి మూడు రోజుల్లోకి కుక్కితే, అయిదు నిమిషాల సంతకం తప్ప మరేదీ జరగదు. వారానికి ముగ్గురో నలుగురో చొప్పున పంచి, నెల మొదటి తేదీకే డ్యూటీ రోస్టరుతో పాటు ఈ పట్టికనూ గోడ మీద పెట్టండి. అందరి పేర్లూ, అందరి తేదీలూ కనిపించినప్పుడు, ఫలానా మనిషినే ఎందుకు పిలిచారన్న గుసగుస సగం అక్కడే ఆగిపోతుంది. పిలుపు అంటే శిక్ష అన్న పాత అర్థం పోవాలంటే మాటలతో నచ్చజెప్పడం కన్నా ఈ పట్టిక నాలుగు నెలలు తప్పకుండా నడవడమే మేలైన మార్గం. తప్పనిసరై ఒక సమావేశం వాయిదా పడితే, కొత్త తేదీ అదే రోజున మీరే చెప్పాలి. ‘తరువాత చూద్దాంలే’ అంటే, వారి విషయం మీకు చివరి పనన్న మాట వారికి అర్థమైపోతుంది.

కొత్తగా చేరిన వారికి మాత్రం ముప్పావుగంట ఒకసారి కన్నా, ఇరవై నిమిషాల చొప్పున నెలకు రెండుసార్లు ఉపయోగపడుతుంది. వాళ్లకు సందేహాలు రోజుకొకటి పుడతాయి కాబట్టి నెల తిరిగేసరికి మరిచిపోతారు, లేదా తప్పుగా నేర్చేసుకుంటారు.

రాత్రి డ్యూటీ విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఉదయం ఎనిమిదికి డ్యూటీ దిగిన మనిషిని ‘పదింటికి మేడమ్ వస్తారు, ఉండు’ అని కూర్చోబెట్టడం అన్యాయం. పెందుర్తి దాకానో, కూర్మన్నపాలెం దాకానో బస్సులో వెళ్లి, వంట చేసి, ఆ తరువాత పడుకోవలసిన మనిషి ఆమె. ఆమె డ్యూటీ ఎక్కే సాయంత్రం మీరే ఆగి, హ్యాండోవరు (దిగే షిఫ్టువారు ఎక్కేవారికి పని అప్పగించడం) ముగిశాక, ఆ అరగంట పాటు అంతస్తు చూసుకునేందుకు ఒక నర్సును పెట్టి మాట్లాడండి. ఈ సమయం ఎవరికైనా సరే డ్యూటీ వేళల్లోదే కావాలి. సెలవు రోజున రప్పించి జరిపే సమావేశాన్ని ఎవరూ తమ మేలుకోసమని నమ్మరు.

తేదీలు వేసేటప్పుడు మన ఊరి క్యాలెండరు కూడా పక్కన పెట్టుకోండి. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరకు వెళ్లేవాళ్లు, ఉపవాసం ఉండేవాళ్లు మీ ఆయాల్లో సగం మందికి తక్కువ ఉండరు. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి వచ్చినవాళ్లను మర్నాడు కూర్చోబెట్టి పనితీరు గురించి మాట్లాడితే వినేది వారి చెవులు కావు, నొప్పి పెట్టే కాళ్లు.

గది విషయానికి వస్తే, మీ వంటి కేంద్రాల్లో ఫిజియోథెరపీ గది మధ్యాహ్నం భోజనాల తరువాత ఖాళీగా ఉంటుందని విన్నాను. మందుల గది వద్దు. అక్కడ పది నిమిషాలకొకరు తలుపు తడతారు. మీ బల్లకు అటూ ఇటూ కాకుండా, ఒకే వైపున రెండు కుర్చీలు వేసుకోండి, ఫోను మరొకరికి అప్పగించండి.

చివరగా, ఇంక్రిమెంటు గురించి, క్రమశిక్షణ చర్య గురించి ఈ సమావేశంలో మాట్లాడవద్దు. మెమో ఇవ్వవలసిన తప్పు జరిగితే మెమోను దాని పద్ధతిలో, దాని రోజున ఇవ్వండి. ఒకసారి ముఖాముఖిలో చెప్పుకున్న బలహీనత మార్చి నెలలో జీతం లెక్కలోకి వచ్చిందంటే, ఆ తరువాత పదమూడు మందీ మీ ఎదుట నోరు విప్పరు.


పెదవాల్తేరు_కౌన్సెలర్

పై పెద్దాయన చెప్పిన ఏర్పాట్లన్నీ అవసరమే. నేను మంచాన పడిన రోగులను చూసుకునే ఒక కేంద్రంలో సామాజిక కార్యకర్తలకూ ఆయాలకూ పర్యవేక్షకురాలిని. కుర్చీలు సర్దుకున్న తరువాత ఏం మాట్లాడాలన్న దాని గురించే రాస్తాను.

అమెరికాలో సామాజిక సేవా రంగ ఆచార్యుడైన ఆల్‌ఫ్రెడ్ కాడుషిన్ 1976లోనే పర్యవేక్షణకు మూడు బాధ్యతలున్నాయని విడమరిచారు: పని నియమం ప్రకారం జరిగేలా చూడడం, పని నేర్పడం, పనిచేసే మనిషికి అండగా నిలవడం. మన దగ్గర చాలా ఫారాలు మొదటిదానితోనే ముగుస్తాయి. మీకిచ్చిన మూడు గడుల ఫారం కూడా అటువంటిదే. ఈ మూడూ మూడు వేరు వేరు అంశాలుగా, సమయం పంచుకుని మాట్లాడవలసినవని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి ఒక్క సంఘటనను సరిగ్గా పట్టుకుంటే మూడూ అందులోనే బయటపడతాయి.

మా దగ్గర జరిగిన ఒక విషయం చెబుతాను. కదలలేని రోగులకు పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మార్చినప్పుడల్లా మంచానికి వేలాడే చార్టులో టిక్కు పెట్టాలి. ఒక ఆయాతో సమావేశానికి ముందు నేను ఆమె చూసే గది చార్టు తిరగేశాను. రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల గడుల్లోని టిక్కులు మూడూ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా, సిరా కూడా ఒకే తీరులో పలచబడుతూ ఉన్నాయి. పది గంటలది మాత్రం వేరుగా ఉంది. తెల్లవారాక ఒకేసారి పెట్టినవని చూడగానే తెలుస్తుంది.

అక్కడ ‘ఇవి దొంగ టిక్కులు కదా?’ అని మొదలుపెడితే సంభాషణ అక్కడికే సరి. నేను చార్టును ఆమె ముందు పెట్టి, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ అంతస్తులో మీ పని ఎలా నడుస్తుందో వరుసగా చెప్పమన్నాను, చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడలేదు. ఆమె చెప్పినదాన్ని బట్టి తేలిందేమిటంటే, ఆ గదిలోని పెద్దాయన భారీ మనిషి, ఒక్కరి వల్ల ఆయన పక్క మారడు. ఒంటిచేత్తో లాగబోతే ఈమె నడుం పట్టేసింది. రెండో ఆయా పై అంతస్తులో ఉంటుంది. ఆమెను పిలిస్తే పైన ఎవరూ ఉండరు. పిలిచానని పొద్దున నర్సుకు తెలిస్తే చీవాట్లు. చేయని పనికి టిక్కు పెట్టడం ఎంతమాత్రం సరికాదని, గడి ఖాళీగా వదిలితే మాకు సమస్య తెలుస్తుందని, టిక్కు పెడితే తెలియకుండా పోతుందని ఆమెకు స్పష్టంగా చెప్పాను. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని రెండువైపులా ఇద్దరు పట్టుకుని పక్క మార్చే పద్ధతిని మర్నాడు మంచం దగ్గరే చేసి చూపించే ఏర్పాటు చేశాం. రాత్రి ఆ మూడు వేళల్లో పై అంతస్తు ఆయా కిందికి దిగేలా, ఆ పది నిమిషాలు నర్సు పైన ఉండేలా రోస్టరు మార్చడం నా వంతు పని, అది కూడా ఆ కాగితం మీదే నా పేరు పక్కన రాసుకున్నాను. నియమం, నేర్పు, అండ మూడూ ఒక్క చార్టులోనే ఉన్నాయన్నది గమనించండి.

ఆ చివరిది చాలా ముఖ్యం. సమావేశం ముగిసేసరికి కాగితం మీద ఆమె చేయవలసిన పనులే ఉండి, మీరు చేయవలసినది ఒక్కటీ లేకపోతే, అది కేవలం తనిఖీ. వచ్చే సమావేశం ఎప్పుడూ ‘పోయినసారి నేను చేస్తానన్నది చేశానా?’ అన్న మాటతో మొదలుపెట్టండి. చేయలేకపోతే కారణం చెప్పండి. ‘ఏటీ లేదు’ అన్న మనిషి రెండోసారో మూడోసారో నోరు విప్పేది దీనివల్లే.

అంటే సిద్ధపడడం అన్నది ప్రశ్నల జాబితా రాసుకోవడం కాదు. వెళ్లే ముందు పావుగంట కేటాయించి, క్రితం నెల కాగితం చదివి, ఆ మనిషి చేసే పనిలో ఒకదాన్ని స్వయంగా చూసి రండి. చూసినదాంట్లో మంచిదేదో కూడా పేరు పెట్టి చెప్పగలగాలి. ‘బాగా చేస్తున్నారు’ అన్నది ఎవరికైనా చెల్లే మాట. ‘ఆ మామ్మగారికి అన్నం పెట్టేటప్పుడు మంచం తల ఎత్తి, ప్రతి ముద్దకూ ఆగి చూస్తున్నారు, అందుకే ఆవిడకు పొలమారడం లేదు’ అన్నది ఆమె కోసమే పుట్టిన మాట. వారిని కూడా ముందు రోజే ఒక విషయం ఎంచుకుని రమ్మనండి, సమావేశంలో మొదటి సగం దానికే ఇవ్వండి. ‘సమస్యలున్నాయా?’ అన్న ప్రశ్నకు మన వాళ్లెవరూ ఉన్నాయని చెప్పరు, పై అధికారి దగ్గర అసలే చెప్పరు. ‘ఈ నెలలో ఏ గదిలోకి వెళ్లాలంటే కాళ్లు వెనకాడాయి?’ అంటే జవాబు వస్తుంది. రాకపోతే కాసేపు మీరూ మౌనంగా ఉండండి. ఆ ఖాళీని మీ మాటలతో నింపవద్దు.

ఇంకొకటి మీ వంటి కేంద్రాల్లో ఎవరూ పట్టించుకోనిది. మూడేళ్లు తాను స్నానం చేయించి, తల దువ్విన మనిషి పోతే, కుటుంబాన్ని అందరూ ఓదారుస్తారు, ఆయాను మాత్రం మంచం తుడిచి కొత్తవారికి సిద్ధం చేయమంటారు. అటువంటి మరణం జరిగిన వారంలో నెలవారీ తేదీ కోసం ఆగకుండా ఆమెతో కూర్చోండి. నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం వంటివి వారాల తరబడి సాగుతుంటే అది మీ చేతిలో ఉండే విషయం కాదు; 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చునని చెప్పండి. పర్యవేక్షకురాలు వైద్యురాలి పాత్రలోకి జారిపోకూడదు.


గాజువాక_ఫ్లోర్

నాది బట్టల షోరూము, ముప్పైమంది సేల్స్ సిబ్బంది. పైవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. గది, పట్టిక, కాగితం, సంతకం అన్నవి వచ్చేసరికే మన వాళ్లు బిగుసుకుపోతారు. నేను స్టాకు మడతపెట్టే వేళ పక్కన నిలబడి నాలుగు చీరలు నేనూ మడతపెడుతూ మాట్లాడతాను. ఎవరింట్లో పిల్ల ఫీజు కట్టాలో, ఎవరికి క్యాష్ కౌంటర్ అంటే భయమో అంతా అక్కడే తెలిసిపోతుంది. మేడమ్ గారు కూడా ఆ డాబా మీద దుప్పట్లు ఆరేసే చోటికి వెళితే సరిపోతుందని నా అభిప్రాయం. నెలకు పది గంటలు కాగితాల మీద పోగొట్టుకోవడం చిన్న సంస్థలకు భారం.


పెదవాల్తేరు_కౌన్సెలర్

గాజువాక గారూ, పని మధ్యలో మాట్లాడుకోవడం మంచిదే, దాన్ని ఆపమని ఎవరూ అనలేదు. అయితే దానితోనే సరిపెట్టుకుంటే, కలుపుగోలుగా ఉండేవారు మీ దగ్గర ఎక్కువ మాట్లాడతారు, మౌనంగా పనిచేసుకుపోయేవారికి ఏడాదంతా మీతో ఒక్క పూర్తి సంభాషణ కూడా ఉండదు. పదిమంది వినే చోట రోగి ఒంటి సంగతులు మాట్లాడకూడదు కూడా. పైగా ఆ డాబా వాళ్లది. మేడమ్ అక్కడికి వెళ్లి నిలబడితే ఆ మాటలు మరో చోటికి తరలిపోతాయి.


మధురవాడ_సిస్టర్

అందరికీ కృతజ్ఞతలు. ఫిజియోథెరపీ గది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిజంగానే ఖాళీగా ఉంటుంది, దాన్ని అడిగి తీసుకున్నాను. మరి మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, మా ఆయాల్లో ఒకావిడకు అరవైకి దగ్గర పడిన వయసు. నేను కొత్తగా చేరినప్పుడు పని చూపించింది ఆవిడే, ఇప్పటికీ పిన్ని అనే పిలుస్తాను. ఆవిడ ఎదుట కాగితం పెట్టుకుని కూర్చోవడం నాకే ఇబ్బందిగా ఉంది. రెండు, అరకు వైపు నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలకు తెలుగు మాట్లాడడం వచ్చుగానీ చదవడం అంతగా రాదు. వారి చేత సంతకం ఎలా చేయించాలి? మూడు, ‘ఇది ఎవరికీ చెప్పకండి మేడమ్’ అని మొదలుపెడితే నేను ఏమని మాట ఇవ్వాలి?


ద్వారకానగర్_హెచ్ఆర్

మూడో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే చట్టపరమైన చిక్కులున్నది అందులోనే. ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాట ఇవ్వవద్దు. మొదటి సమావేశంలోనే, ఏ రహస్యమూ బయటపడకముందే, ఇక్కడి మాటలు మన మధ్యే ఉంటాయని, అయితే కేంద్రంలో ఉన్న వృద్ధులకు హాని జరుగుతున్నా, మీ ప్రాణానికే ప్రమాదం ఉన్నా, చట్టాన్ని ఉల్లంఘించినది ఏదైనా ఉన్నా నేను పైవారికి చెప్పక తప్పదని, చెప్పేముందు ఆ విషయం మీకు తెలియజేస్తానని వివరించండి. ఎవరైనా ఒక పెద్దాయనను కొడుతున్నారనో, ఇంటివారు ఆస్తి కాగితాల కోసం వేధిస్తున్నారనో ఆయా చెబితే అది ఫారంలో రాసి మూసేసే విషయం కాదు. యాజమాన్యానికి అదే రోజు తెలియజేయాలి, వృద్ధుల సహాయ కేంద్రం 14567 నంబరు కూడా మీ బల్ల మీద ఉండాలి.

లైంగిక వేధింపు గురించి ఎవరైనా నోరు విప్పితే మరింత జాగ్రత్త కావాలి. ఇద్దరినీ కూర్చోబెట్టి మీరే సర్దిచెప్పే ప్రయత్నం చేయవద్దు. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట ఇటువంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ తప్పనిసరి, కాబట్టి మీ కేంద్రంలోనూ ఉండి తీరాలి. పదిమందికన్నా తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలని, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదని, రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి కమిటీ సాయం చేయాలని ఆమెకు చెప్పండి. రాజీ ప్రయత్నం కూడా ఆమె కోరితేనే, కమిటీయే చేయాలి, అందులో డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం ఉండకూడదు.

చదవడం రాని వారి విషయంలో పద్ధతి సులువే. మీరు రాసినది మొత్తం వారికి వినిపించేలా చదవండి, తరువాత ‘ఇందులో నేను ఏం చేస్తానన్నాను, మీరు ఏం చేస్తానన్నారు?’ అని అడిగి వారి నోట చెప్పించండి. తేడా ఉంటే వారి ఎదుటే దిద్దండి. ఆ తరువాతే సంతకమో వేలిముద్రో. ఒక ప్రతి వారికి ఇవ్వాలి. మూడు గడుల ఫారానికి వెనకవైపు ఖాళీగా ఉంటుంది కాబట్టి, యాజమాన్యం కొత్త ఫారం అచ్చు వేయించే దాకా అక్కడే ‘ఆయా చేయవలసినది’, ‘పర్యవేక్షకురాలు చేయవలసినది’, ‘ఎప్పటిలోగా’ అని గీతలు గీసుకోండి. రాతలో మీ ఊహలు వద్దు: ‘ఈమెకు శ్రద్ధ లేదు’ అని కాకుండా ‘ఫలానా తేదీన చార్టులో రెండు గడులు ఖాళీగా ఉన్నాయి’ అని రాయండి. సొంత ఇంటి విషయాలు ఆమె చెప్పుకుంటే, పనికి సంబంధించినంత వరకే, ‘సాయంత్రం డ్యూటీ రెండు నెలలు కుదరదు’ అన్నంత వరకే కాగితం ఎక్కాలి. ఆ ఫైలు తాళం వేసిన బీరువాలో ఉండాలి, ఆఫీసు బల్ల మీద రోస్టరు కింద కాదు.

ఇక పిన్నిగారు. ఆవిడ మీకు పని చూపించిన మనిషి కాబట్టి, నేర్పడం అన్న భాగాన్ని ఆవిడ విషయంలో తిరగేయండి. కొత్త ఆయాలకు ఏం నేర్పాలో, ఏ పనిలో వాళ్లు తడబడుతున్నారో ఆవిడనే అడగండి, దాన్ని ఆవిడ పేరు మీదే రాయండి. పిన్ని అన్న పిలుపు మార్చనక్కరలేదు. కాగితం వదిలేయనూ కూడదు, ఎందుకంటే మిగిలిన పన్నెండు మంది చూస్తూనే ఉంటారు. వయసు మీద పడుతున్న ఆ మనిషి బరువులెత్తే పనిలో ఇంకెన్నాళ్లు ఉండగలదన్న సంగతి ఎవరో ఒకరు గౌరవంగా ఎత్తాలి కూడా. దానికి ఆవిడ మొదటి సమావేశం తగినది కాదు. రెండు మూడు నెలలు గడిచాక, యాజమాన్యం దగ్గర భోజనశాల పర్యవేక్షణ వంటి తేలికపాటి పని ఏదైనా ఇవ్వగలరో లేదో ముందు కనుక్కుని, అప్పుడు మాట్లాడండి.